లిస్ట్

టాలీ గుమస్తాగా చేరిన మూడో రోజు
జవహర్ డాక్‌లో గ్రానైట్ దిమ్మలు ఎక్కించుకుంటున్న ఓడ పైనుంచి
చీఫ్ ఆఫీసర్ కురువిళ అరిచాడు:
"షి హాజ్ ఎ లిస్ట్!"
నేను కార్బన్ పేపరు సర్దుకుని, పెన్ను మూత తీసి
"నాకూ ఒక కాపీ ఇప్పించండి సార్" అన్నాను.

క్రేన్ డ్రైవర్ దాకా పాకింది నవ్వు.
ఏకాంబరమైతే బీడీ పారేసి మరీ నవ్వాడు.

నాకు తెలిసిన లిస్టులు వేరు.
రేషన్ కొట్టు తలుపుకి అంటించేది,
పదో తరగతిలో నా నంబరు లేనిది,
నెల మొదట వకుళ క్యాలెండరు వెనక రాసేది:
చింతపండు అరకిలో, కొట్టేసి, పావు.

కురువిళ మాత్రం నవ్వలేదు.
కిందికి దిగొచ్చి, నా చేతిలో టీ గ్లాసు తీసుకుని వంచాడు.
"చూడు, గ్లాసు ఒరిగింది, టీ ఒరగలేదు.
సముద్రం ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది.
గాలి తోస్తే ఓడ ఒరగడం హీల్, గాలి తగ్గితే తనే లేస్తుంది.
లోపలి బరువు ఒక పక్కకి చేరి ఒరిగితే, అది లిస్ట్.
గాలి లేకున్నా, రేవులో కట్టేసి ఉన్నా, లేవదు."
మూడు డిగ్రీలు, పోర్టు వైపు.
పోర్టంటే ఇదే కదా, మనం నిలబడ్డది, అనబోయి ఊరుకున్నాను.
ఎడమ అని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

సాయంత్రానికి కుడి ట్యాంకులోకి నీళ్ళు తోడి
ఓడని నిటారుగా నిలబెట్టారు.
ఉత్త నీళ్ళతో.

ఆ రాత్రి తండయార్‌పేట గదిలో
ఒక్క మాటకి ఇన్ని అర్థాలా, ఇదేం భాష అని ఇంగ్లీషుని తిడుతుంటే
వకుళ చాప పరుస్తూ అంది:
"పొద్దస్తమానం రాళ్ళు లెక్కబెడితే నీకేం ఒరిగింది?"

నోరు మూతపడింది.
గోడ ఒరిగితే భయం.
వీరుడు ఒరిగితే ఇక లేవడు.
మనకేదైనా ఒరిగిందంటే మాత్రం లాభం.
పొద్దు వాలుతుంది, కాకి వచ్చి వాలుతుంది,
రేపు తక్కెడ మనవైపు మొగ్గితే రెండు బెండకాయలు ఎక్కువ.
ఇంక ఎవరిని తిట్టను?

తొంభై మూడు వేసవి.
నీళ్ళ లారీ రాత్రి రెండింటికి వచ్చేది,
రాకపోయేది.
నీలం ప్లాస్టిక్ బిందె ఎడమ నడుం మీద పెట్టుకుని
వకుళ కుడికి ఒరిగి నడిచేది.
వెనకాల నేను రెండో బిందెతో,
చీకట్లో డిగ్రీలు కొలుస్తూ.
ఓడ, బరువున్న పక్కకే ఒరుగుతుంది.
మనిషి, బరువుకి ఎదురుపక్కకి.
ఈ తేడా కురువిళకి చెప్పాలనుకున్నాను.
అతని ఓడ ఏ సముద్రంలో ఉందో.

తర్వాత ఇంట్లోకే కొళాయి వచ్చింది.
బిందెలు అటకెక్కాయి, ఒకదాంట్లో ఇప్పుడు కొబ్బరి పీచు.
అయినా టైలర్ దురైక్కణ్ణు ప్రతిసారీ
టేపు నోట్లో పెట్టుకునే అడుగుతాడు,
"ఎడమ పక్క ముప్పావంగుళం పెంచాలి కదమ్మా?"

రిటైరైన రోజు ఆఫీసు బీరువాలోంచి
అట్ట ఊడిన నిఘంటువు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.
లిస్ట్ అంటే పూర్వం వినడం కూడానట.
కోరుకోవడం కూడా.
పెన్సిలుతో గీత గీసి పెట్టాను, ఎవరికి చూపించడానికో.

నిన్న రాత్రి మెలకువ వచ్చేసరికి పక్కన లేదు.
వీధి తలుపు దగ్గర, కుడికి ఒరిగి, నిలబడి ఉంది.
ఏంటి అన్నాను.
"ఉష్. లారీ హారన్‌లా లేదూ?"
గడియారంలో రెండు.
వీధిలో కుక్క తప్ప ఏమీ లేదు.
లేదని చెప్పలేదు.
వెళ్ళి ఆమె ఎడమ పక్కన నిలబడ్డాను.